గొట్టంలో గొట్టం

ముద్దాయి తనంతట తాను నేరం ఒప్పుకున్న కేసులంటే నాకు చిరాకు. అబద్ధమాడేవాడి దగ్గరైతే లాగడానికి ఏదో ఒక కొస దొరుకుతుంది. తప్పంతా నాదేనని తల వంచుకుని కూర్చున్నవాణ్ణి ఎక్కడ పట్టుకోవాలో తెలియదు.

రేపల్లె పోలీసు స్టేషన్లో బెన్నీ అలాగే కూర్చున్నాడు. ఆ రోజు ఈస్టరు ఆదివారం. అతని భార్య సుజన రోజూ తెనాలి నుంచి రైల్లో వచ్చి, బాపట్లలో మా వీధి బళ్లో పాఠాలు చెబుతుంది. ఆ పొద్దున బడి లేకపోయినా మొదటి రైలుకే వచ్చి నా తలుపు కొట్టింది. "బాబాయ్ గారూ, మా ఆయన చెయ్యని తప్పు ఒప్పుకున్నాడండి" అంది. చెయ్యలేదని నీకెలా తెలుసమ్మా అని అడిగితే ఏడ్చింది. ముందు రోజంతా ఇంకో కేసు మీద తిరిగి వచ్చి పడుకున్నానేమో, కాళ్లు పీకుతున్నాయి. యాభై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఇంక ప్రైవేటు డిటెక్టివ్ అనే బోర్డు పీకేసి ఇంట్లో కూర్చుందామని తరచూ అనుకుంటాను. ఏడుస్తూ ఎవరైనా గుమ్మంలో నిలబడితే మాత్రం ఆ సంగతి గుర్తు రాదు.

చనిపోయినవాడు కార్తీక్. రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్లో పెద్ద రైతు పాండురంగారావుకి ఒక్కగానొక్క కొడుకు. బెన్నీతో కలిసి పాలిటెక్నిక్ చదివాడు. ఇద్దరూ కలిసి రెండేళ్లుగా తెనాలిలో బెన్నీ షెడ్డులో ఒక బండి తయారు చేశారు. రోడ్డు మీద తిరగడానికి కాదు, బండరాళ్ల గుట్టలు ఎక్కడానికి. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం, రేపల్లె అవతల కృష్ణా కరకట్ట దగ్గర, ఆ బండి రాళ్ల మీంచి నదిలోకి తలకిందులుగా పడింది. నడుం లోతు నీళ్లే. బెల్టులతో సీటుకి కట్టుకుని ఉన్న కార్తీక్ ఆ నీళ్లలోనే ఊపిరాడక చనిపోయాడు.

స్టీరింగు రాడ్డు వెల్డింగు దగ్గర విరిగిందని తేలింది. ఆ వెల్డింగు చేసింది బెన్నీ. శనివారం సాయంత్రం తనే స్టేషనుకి నడిచి వచ్చి, అది సరిగ్గా పట్టలేదని తెలిసే ఇచ్చానని చెప్పాడు. తెలిసే అన్న ఆ ఒక్క మాటతో నిర్లక్ష్యం కేసు కాస్తా బెయిలు దొరకని కేసైంది. ఈ సాయంత్రంలోగా అతన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కడ కూడా అదే మాట చెబితే ఏళ్ల తరబడి జైలే.

"తెలిసే ఇచ్చావా?" అన్నాను.

"అవునండి."

"ఏం తెలుసు?"

బెన్నీ గోడ వైపు చూస్తూ చెప్పాడు. "గురువారం సాయంత్రం సార్. చర్చిలో ఆరాధనకి గంట కొట్టేశారు. ఆ రోజు ప్రభు భోజనం. మా అమ్మ గుమ్మంలో నిలబడి పిలుస్తోంది. అటు కార్తీకేమో ట్రాక్టరు ట్రక్కు తెచ్చుకుని, బండి ఎక్కించుకుపోతానని తొందర. ఆఖరి వెల్డు గబగబా లాగించేశాను. ఎప్పుడూ బిగించాక రాడ్డు పట్టుకుని వేలాడి చూస్తాను. ఆ రోజు చూళ్లేదు."

"అంటే పట్టలేదని తెలుసా, చూళ్లేదని తెలుసా?"

"రెండూ ఒకటే కదండి."

"కాదు" అన్నాను. అతను నిద్ర లేని కళ్లతో అలా గోడకేసి చూస్తూనే ఉన్నాడు.

ఇలాంటివాడితో నేరం గురించి మాట్లాడి లాభం లేదు. "ఆ బండి ఎలా తయారు చేశారో చెప్పు" అన్నాను.

దానికి మాత్రం తలెత్తాడు. "దాని పేరు తాబేలండి. పాత జీపు ఇరుసులు తెచ్చి, గొట్టాలు వంచి పంజరం కట్టాం. మొదటిసారి రాయెక్కిస్తే ఒక చక్రం గాల్లోకి లేచింది. గాల్లో ఉన్న చక్రమే గిర్రున తిరిగింది గానీ కిందున్నది కదల్లేదు. అందుకని రెండూ కలిసి తిరిగేలా గేర్లు బిగించేశాం. అప్పుడు బలం వచ్చింది, ఆ బలానికి స్టీరింగు ఆగలేదు. మొదటి రాడ్డు వంగిపోయింది. రెండోది మందం గొట్టంతో చేశాను, అదీ వంగింది. మూడోదానికి గొట్టంలో గొట్టం దూర్చాను సార్. పైది పోయినా లోపలిది ఆపుతుందని. కార్తీక్ నవ్వాడు, దీన్ని మన మనవలకి కూడా ఇవ్వొచ్చురా అని."

ఆ మాట దగ్గర ఆగిపోయాడు. నేను మాట మార్చాను.

"మన వైపు గులకరాయి కూడా దొరకదు. రాళ్లెక్కే బండి ఎందుకయ్యా మీకు?"

"అందరూ అదే అడుగుతారండి. కరకట్ట మరమ్మతుకి తెచ్చి పోసిన బండలు ఉన్నాయి కదా, అక్కడే నేర్చుకున్నాం. వచ్చే నెల కర్ణాటకలో పోటీ ఉంది."

"కార్తీక్‌తో ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడావు?"

"శుక్రవారం పొద్దున్న, నేను చర్చికి తయారవుతుంటే ఫోన్ చేశాడు. చాలా సంతోషంగా ఉన్నాడు సార్. 'మా నాన్న మెత్తబడ్డాడ్రా బెన్నీ' అన్నాడు. రెండేళ్లుగా ఆ బండి పేరెత్తితే వాళ్లింట్లో గొడవేనండి. ఏమన్నాడ్రా అని అడిగాను. ఏమీ అన్లేదు, వచ్చాక చెబుతాలే అన్నాడు. మధ్యాహ్నం చర్చిలో, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల ఆరాధన. అయిదో మాట మీద ప్రసంగం నడుస్తుంటే శశిధర్ ఫోన్ చేశాడు."

శశిధర్ వాళ్లిద్దరికీ స్నేహితుడు. కార్తీక్ బండి ఎక్కిస్తుంటే ఎదురుగా నిలబడి ఏ చక్రం ఎటు తిప్పాలో చేతులతో చూపించేవాడు. అతని వాంగ్మూలం నేను చదివాను. గంటసేపు చిన్న బండలన్నీ బాగానే ఎక్కింది, పెద్దదాని మీద ఉండగా ఎడమ చక్రం ఉన్నట్టుండి బయటికి తిరిగిపోయింది, బండి ఒరిగింది అని చెప్పాడు. ఎక్కడా తడబాటు లేదు.

నాకు తడబాటుగా కనిపించింది ఒక్కటే. తండ్రి ఏమీ అనకుండానే మెత్తబడ్డాడని కార్తీక్‌కి ఎలా తెలిసింది?

అంతలో సర్కిల్ ఇన్‌స్పెక్టర్ విష్ణువర్ధన్ వచ్చాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. గురువారం నుంచి చర్చిల దగ్గర బందోబస్తు, మధ్యలో ఈ చావు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అంత చిరాకులోనూ నన్ను చూసి నవ్వాడు.

"పెళ్లి సంబంధాల ఎంక్వైరీలు చేసుకునేవారు, ఇటొచ్చారేంటి జగన్నాథరావు గారూ?"

"సంబంధాలు తగ్గాయండి. మీ బ్రేకు ఇన్‌స్పెక్టరు ఏమన్నాడు?"

"అతుకు సగమే పట్టింది, సగం పట్టలేదు అన్నాడు. చూడండి." ఫోన్లో ఫొటో చూపించాడు. విరిగిన రాడ్డు మొన. వెల్డింగు పూస పక్కనే సగం దూరం సాపుగా మెరుస్తోంది, మిగతా సగం చిరిగినట్టు గరుకుగా ఉంది. రాడ్డు అప్పటికే సీలు వేసి ల్యాబుకి పంపేశారు.

ఫోను తీసుకెళ్లి బెన్నీ ముందు పెట్టాను. "అతకని వెల్డు ఇంత సాపుగా ఉంటుందా?"

అతను ఒక్క క్షణం చూసి తల తిప్పుకున్నాడు. "ఉంటుందేమో సార్. తొందర పడ్డాను కదా."

అతను నిజంగా చూడలేదు. చూడాల్సిన అవసరం అతనికి లేదు, మనసులో శిక్ష వేసుకోవడం ఎప్పుడో అయిపోయింది. ఆ మూర్ఖత్వానికి నాకు కోపం వచ్చింది, జాలి కూడా వేసింది.

"వాడే ఒప్పుకున్నాడు. మీకేంటండి నొప్పి?" అన్నాడు విష్ణువర్ధన్.

"కొడుకు బండి విషయంలో పాండురంగారావు గారు ఏం చెప్పారు మీకు?"

"ఏం చెబుతాడు పాపం. ఆ బండి మొహం కూడా చూడలేదన్నాడు. గురువారం రాత్రి కొడుకు తెచ్చి ధాన్యం గోడౌన్లో పెట్టుకున్నాడు, తను ఆ గడప కూడా తొక్కలేదన్నాడు. ఒక్క కొడుకు పోయిన మనిషిని ఇంకేం అడగమంటారు? ఆయన చేసిన కంప్లయింటే ఇది."

"బండి ఒకసారి చూస్తాను."

"చూడండి. ముట్టుకోకండి."

స్టేషను వెనక ఆవరణలో తాబేలు ఉంది. బురద పట్టి, ఎడమ ముందు చక్రం బయటికి వాలిపోయి ఉంది. గొట్టాల పంజరానికి సొట్ట కూడా పడలేదు. బోల్తా పడినా లోపలి మనిషికి ఏమీ కాకూడదని కట్టిన పంజరం, చెప్పినట్టే పని చేసింది. నీళ్ల సంగతి ఎవరూ అనుకోలేదు. నాకెందుకో ఆ బండిని చూస్తే బాధేసింది.

బీమా కేసుల పుణ్యమా అని ఏ బండిని చూసినా గొడుగుతో కొలవడం నాకు అలవాటు. ఎడమ చక్రం నుంచి కుడి చక్రానికి రెండు గొడుగులూ, పైన ఒక జానెడు. మామూలు కారు కన్నా, జీపు కన్నా బాగా వెడల్పు. సొంతంగా తయారు చేసుకున్న బండి కదా, దీని కొలత దీనిదే. వంగి టైర్లు చూశాను. లావుపాటి టైర్లు, మధ్య వేలు పట్టేంత గాడులు. కుడి ముందు టైరు గాడిలో బురద కింద ఏదో పసుపుపచ్చగా ఇరుక్కుని ఉంది. మోకాళ్లు పట్టేసినా కిందికి కూర్చుని చూశాను. నలిగి ఎండిన నిమ్మతొక్క. దానికి ఒక గింజ కూడా అంటుకుని ఉంది.

విష్ణువర్ధన్‌ని పిలిచి చూపించాను. అతను నడుం మీద చేతులు పెట్టుకుని, నన్నూ దాన్నీ మార్చి మార్చి చూశాడు.

"నిమ్మతొక్క చూపించి కేసు కొట్టేయమంటారా?"

"కొట్టేయమనట్లేదు. ఇది ఎక్కడిదో కనుక్కోమంటున్నాను."

"కొత్త బండి, నిమ్మకాయలు తొక్కించుంటారు. మా ఇంట్లోనూ తొక్కిస్తాం. సార్, మూడు రోజులైంది నేను పడుకుని. సాయంత్రం అయిదింటికి వీణ్ణి మేజిస్ట్రేటు గారింటికి తీసుకెళ్తున్నాను. అప్పటికి నిమ్మకాయ కన్నా గట్టిది తెస్తే చూద్దాం. లేకపోతే నా దారికి అడ్డు రాకండి."

అతని స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణేమో.

తిరిగి బెన్నీ దగ్గరికి వెళ్లాను. "మీ షెడ్డులో బండికి నిమ్మకాయలు పెట్టారా?"

"మేం పెట్టమండి. కొత్త పని ఏది చేసినా మా అమ్మ ప్రార్థన చేస్తుంది, అంతే."

"కార్తీక్ పెట్టేవాడా?"

"వాడికి ఆ నమ్మకాలు లేవు సార్. కొత్త బైకు కొన్నప్పుడు వాళ్ల నాయనమ్మ పెట్టిస్తే, నిమ్మకాయల్ని తప్పించి పక్కనుంచి పోనిచ్చాడు."

నమ్మకం లేని వాడి బండికి ఎవరో నిమ్మకాయలు పెట్టారు. వాడు ఈసారి తప్పించుకోకుండా తొక్కించుకుని వెళ్లాడు. వెళ్లేముందు స్నేహితుడికి ఫోన్ చేసి మా నాన్న మెత్తబడ్డాడన్నాడు. ఎండలో బస్టాండుకి నడుస్తూ ఈ మూడూ కలిపి చూసుకున్నాను. నా ఊహ తప్పయితే బాగుండునని కూడా అనుకున్నాను.

నగరంలో పాండురంగారావు ఇంటి ముందు టెంటు ఇంకా తీయలేదు. మూడో రోజు, అస్థి సంచయనానికి మగవాళ్లంతా కరకట్టకి వెళ్లారట. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోసి ఇల్లంతా కడుగుతున్నారు. వరండాలో ఒక పెద్దావిడ గోడకి చేరగిలబడి కూర్చుంది. పాండురంగారావు తల్లి మాణిక్యాంబ. నమస్కారం పెట్టి, కేసు పని మీద వచ్చాననీ, బండి పెట్టిన చోటు ఒకసారి చూడాలనీ చెప్పాను.

"చూసుకో నాయనా. గోడౌను తీసే ఉంది. ఇంక దాంట్లో దాచుకోవడానికి మాత్రం ఏముంది" అంది.

గోడౌను పెద్దది. రబీ ధాన్యం అమ్మేశారేమో, ఖాళీగా ఉంది. గచ్చు మీద పొట్టూ దుమ్మూ, టైర్ల జాడలూ. వెతకాల్సిన పని పడలేదు. తలుపుకి ఎదురుగా నాలుగు చోట్ల గచ్చు మీద మరకలు ఉన్నాయి. నిమ్మరసం పడ్డచోట సిమెంటు తెల్లగా పొంగినట్టు అయింది, మధ్యలో చితికిన తొక్కలు ఎండిపోయి ఉన్నాయి. ముందు మరకల మధ్య గొడుగు పరిచాను. రెండు గొడుగులూ, ఒక జానెడు.

తాబేలు ఇక్కణ్ణుంచి నిమ్మకాయలు తొక్కి వెళ్లింది. సందేహం లేదు. చావు జరిగాక ఈ ఇంట్లో మైల, అలాంటి పని ఎవరూ చేయరు. కాబట్టి శుక్రవారం పొద్దున బండి కదిలేముందే పెట్టారు.

అంతవరకూ అయితే విష్ణువర్ధన్ నవ్వుతాడు. నేను లేవబోతూ ఎడమ పక్క ముందు మరకని ఇంకోసారి చూశాను. మిగతా మూడూ తెల్లగా, పసుపుగా ఉన్నాయి. ఇది ఒక్కటే నల్లగా ఉంది. కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకుని, మళ్లీ కిందికి వంగాను. ఇసుక కన్నా సన్నగా నల్లటి పొడి, నిమ్మరసంలో తడిసి ఎండి గచ్చుకి అంటుకుని ఉంది. రసం తగలని చోట అదే పొడి ఇంకా వెండిలా మెరుస్తోంది. తాళంచెవుల గుత్తికి నేను పెట్టుకున్న చిన్న అయస్కాంతం దగ్గరికి తెస్తే పొడి లేచి అంటుకుంది. ఇనప రజను.

ఎడమ చక్రం పక్కన, రాడ్డు ఉండే చోటికి సరిగ్గా కింద, ఎవరో రంపపు బ్లేడుతో ఇనుము కోశారు. ఆ తర్వాతే నిమ్మకాయ నలిగింది, అందుకే రజను రసంలో నల్లబడింది. ఫొటోలో మెరిసిన ఆ సాపు సగం అతకని వెల్డు కాదు. అది కోత.

వెనక నీళ్ల చప్పుడైంది. ఒకావిడ బకెట్టూ చీపురూ పట్టుకుని గోడౌన్లోకి వస్తోంది. అప్పటికే గడప దగ్గర నీళ్లు కుమ్మరించేసింది. నేను మరకలకి అడ్డంగా నిలబడి, ఇక్కడ కడగొద్దమ్మా అన్నాను. పెద్దమ్మగారు చెప్పారండి అందావిడ. నీళ్లు పాయగా నా చెప్పుల వైపు వస్తున్నాయి. గొడుగు విప్పి గచ్చు మీద అడ్డం పెట్టి, పక్కనున్న గోనెపట్టా తోసి ఎలాగో ఆపాను. ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి వెళ్లిపోయింది. విష్ణువర్ధన్‌కి ఫోన్ చేశాను.

"గట్టిదే దొరికింది. కవర్లూ, కెమెరా తెచ్చుకుని రండి" అన్నాను. అతను వెంటనే వస్తున్నానన్నాడు.

వరండాకి దగ్గరగా వచ్చి, గోడౌను గుమ్మంలోనే నిలబడి మాణిక్యాంబని అడిగాను. "పెద్దమ్మగారూ, శుక్రవారం పొద్దున బండికి నిమ్మకాయలు పెట్టించింది మీరేనా?"

"నేను కాదు నాయనా. నేను పెట్టినా వాడు తొక్కిస్తాడా? పాండురంగే పెట్టాడు. తెల్లారకుండా లేచి, తనే దొడ్లోకెళ్లి నాలుగు కాయలు కోసుకొచ్చాడు. ఎవరికిరా అంటే, వాడి బండికేనమ్మా అన్నాడు. తండ్రి పెట్టాడని తెలిసి పిల్లవాడు ఎంత మురిసిపోయాడో. వంగి వాళ్ల నాన్న కాళ్లకి దణ్ణం పెట్టి మరీ బండెక్కాడు." ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది. "రెండేళ్లకి తండ్రీ కొడుకులు కలిశార్రా భగవంతుడా అనుకున్నా. కలిపినంతసేపు పట్టలేదు విడదీయడానికి."

ఆవిడకి తానేం చెప్పిందో తెలియదు. నాకు తెలుసు కాబట్టి ఆవిడ ముఖం చూడలేకపోయాను.

తిరిగి చూసేసరికి పాండురంగారావు గోడౌను పక్క తలుపు దగ్గర ఉన్నాడు. కరకట్ట నుంచి వచ్చి తడిబట్టలతోనే నిలబడ్డాడు. అరవై ఏళ్ల మనిషి, మూడు రోజుల గడ్డం. తల్లి మాటలు విన్నాడని అతను నిలబడిన తీరే చెబుతోంది. నేను నమస్కారం పెట్టలేదు, అతనూ పెట్టలేదు.

"ఆ బండి మొహం చూడలేదని చెప్పారటండి" అన్నాను. "కోసేముందు కాకపోయినా కోశాకైనా ఒకసారి ఆలోచించాల్సింది."

అతని కళ్లు నా కాళ్ల దగ్గర నల్లటి మరక మీద పడ్డాయి. మొదట అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడ పట్టుకుని కిందికి జారి కూర్చున్నాడు.

"సగమే కోశానండి" అన్నాడు.

నేను అడగలేదు. అతనే చెప్పుకుపోయాడు, గొంతులో ఏ ఎత్తూ పల్లమూ లేకుండా. "ట్రాక్టరు నడిపిన చేతులు నావి. ఏది కోస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అతుకు పక్కనే ఆక్సా బ్లేడుతో సగం దాకా కోసి, గ్రీజు పులిమాను. ఇక్కడ స్టీరింగు తిప్పగానే పుటుక్కున విరగాలి. ఈ వాకిట్లోనే. బెన్నీ అతుకు ఊడిందనుకుంటాడు, వాడి పని మీద నమ్మకం పోతుంది, పోటీకి వెళ్లడం మానేస్తాడు. అంతే అనుకున్నాను. ఆ పోటీల్లో వాడికేమన్నా అవుతుందేమోనని రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు నాకు."

"మరి నిమ్మకాయలెందుకు?"

"రెండడుగులైనా కదిలేది నా కొడుకు బండే కదండి. ఏం కాకూడదని."

నా ఉద్యోగంలో దొంగల్ని చూశాను, పైకం కోసం సొంతవాళ్లని ముంచినవాళ్లని చూశాను. వాళ్ల మీద కోపం వచ్చేది. ఈ మనిషి మీద కోపం తెచ్చుకుందామని ప్రయత్నించాను. రాలేదు. అలసట మాత్రం వచ్చింది.

"వాకిట్లో విరగలేదు. ట్రక్కు ఎక్కేటప్పుడూ విరగలేదు. అప్పుడైనా ఆపొచ్చు కదా?"

"ఆపుదామనే ఎదురెళ్లాను. వాడు దిగొచ్చి కాళ్లకి దణ్ణం పెట్టాడు. అప్పుడు నోట్లోంచి మాట రాలేదు. విరగలేదంటే కోత సరిగ్గా తెగలేదేమో, గట్టిగానే ఉందేమో అనుకున్నాను. అలా అనుకోవాలనుకున్నాను." తల ఎత్తి నన్ను చూశాడు. "ఎందుకు విరగలేదండి ఇక్కడ? మూడు రోజుల్నుంచి అదే అడుగుతున్నాను నన్ను నేను."

నాకు తెలుసు. ఆ పొద్దునే బెన్నీ చెప్పాడు. పైది పోయినా లోపలిది ఆపుతుందని.

"లోపల ఇంకో గొట్టం ఉందండి" అన్నాను. "బెన్నీ అలా చేశాడు. గట్టిగా ఉండాలని."

జీపు వచ్చి ఆగిన చప్పుడైంది. విష్ణువర్ధన్ లోపలికి వచ్చి, నన్నూ, గొడుగునూ, గోడకి కూలబడ్డ మనిషినీ చూశాడు. మరక దగ్గర వంగి చూసి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నిన్న ఆ కంప్లయింటు మీద సంతకం పెట్టేటప్పుడు బెన్నీ గుర్తు రాలేదా అండి మీకు?" అని మాత్రం అడిగాడు ఆయన్ని.

"వచ్చాడు" అన్నాడు పాండురంగారావు. "నా కొడుకుని నేనే చంపుకున్నానని అనుకోవడం కన్నా అది తేలికనిపించింది."

వరండాలోంచి మాణిక్యాంబ కేక వేసింది. "ఎవర్రా వచ్చింది పాండురంగా?"

స్టేషనుకి తిరిగి వచ్చేసరికి అయిదు కావస్తోంది. సుజన బయట బల్ల మీద కూర్చుని ఉంది. విష్ణువర్ధన్ ఆమెతో, మీ ఆయన్ని తీసుకెళ్లండమ్మా, పిలిచినప్పుడు సాక్ష్యానికి వస్తే చాలన్నాడు. ఆమె ఏడవలేదు. లోపలికి పరుగెత్తింది. నేను వెనక నెమ్మదిగా వెళ్లాను. దారంతా ఒకటే అనుకున్నాను, బెన్నీకి ఎంత చెప్పాలో అంతే చెప్పాలి, ఒక్క మాట ఎక్కువ చెప్పకూడదు.

"నీ వెల్డు కాదయ్యా. గట్టిగానే పట్టింది. పక్కన ఎవరో రంపంతో సగం కోశారు" అన్నాను.

"ఎవరు సార్?"

"తర్వాత తెలుస్తుంది. ముందు ఇంటికెళ్లు. మీ అమ్మ ఎదురుచూస్తోంది."

బెన్నీ నా ముఖంలోకి చూశాడు. మూడు రోజుల్లో మొదటిసారి భుజాలు సడలాయి. సుజన అతని చెయ్యి పట్టుకుంది. గుమ్మం దాకా నడిచారు. అక్కడ అతను ఆగిపోయాడు. రెండేళ్లు ఆ బండి ప్రతి అతుకునీ చేత్తో తడిమి చేసినవాడు కదా, ఆలోచన ఎటు పోతుందో నాకు కనిపిస్తూనే ఉంది.

"ఎక్కడ కోశారు సార్? గోడౌన్లోనా?"

"ఊఁ."

"మరి సగం కోస్తే అక్కడే విరగాలి కదండి. మొదటి తిప్పుకే. వాకిట్లోనే విరిగిపోతే కార్తీక్‌కి ఏమీ అయ్యేది కాదు కదా." తనలో తను లెక్క వేసుకుంటున్నట్టు మెల్లగా అంటున్నాడు. "రాళ్ల దాకా ఎలా ఆగింది?"

నేను గొడుగు మడతపెట్టడంలో మునిగిపోయినట్టు నటించాను. బెన్నీ సుజన చేతిలోంచి చెయ్యి విడిపించుకుని, రెండు అరచేతులూ ఎదురుగా పెట్టుకుని చూసుకున్నాడు.

"లోపలి గొట్టం" అన్నాడు.